దిగడం తేలికనుకున్నాను

"ఇంత కొండ ఎక్కినవాళ్ళకి దిగడం ఒక లెక్కా?" అన్నాను. నా భార్య అప్పటికి రెండుసార్లు అడిగింది, "బస్సులో దిగిపోదామండీ, కాళ్ళలో సత్తువ లేదు" అని. నేను వినలేదు.

తిరుమలకి అలిపిరి దారిలో 3,550 మెట్లు. ఎక్కేటప్పుడు మేమిద్దరం జాగ్రత్తగానే ఉన్నాం. గాలిగోపురం దాకా ఆగి ఆగి వెళ్ళాం. మోకాళ్ళ పర్వతం దగ్గర ఆయాసం వచ్చినప్పుడల్లా కూర్చున్నాం. దర్శనం చేసుకుని, రాత్రి కొండమీదే ఉండి, తెల్లారి నడక మొదలుపెట్టాం. దిగుతున్నంతసేపూ నాకు ఆయాసం లేదు కాబట్టి ఎక్కడా ఆగలేదు. ఆమె పక్కకి తిరిగి, ఒక్కో మెట్టూ చూసుకుంటూ వస్తుంటే వెనక్కి తిరిగి తొందరపెట్టాను. ఆమె కాళ్ళు వణకడం చూశాను కూడా. ఇలాంటి శ్రమలో కండరం బలం అప్పటికప్పుడే తగ్గిపోతుంది, నొప్పి మాత్రం తీరిగ్గా వస్తుంది. ఆ వణుకును చూసైనా ఆగి ఉండాల్సింది.

ఆ రాత్రి హాయిగా నిద్రపట్టింది. మర్నాడు తొడల ముందు భాగం, పిక్కలు పట్టేశాయి. ఆ మర్నాడు ఇంకా ఎక్కువ. ఆమె ఇంటి ముందు మెట్లు వెనక్కి తిరిగి, గోడ పట్టుకుని దిగింది. పీట మీద కూర్చుంటే లేవలేకపోయింది. నేను ఓదార్చడానికి బదులు, "నీకు వ్యాయామం లేదు, అందుకే" అన్నాను. నా తొడలూ అలాగే ఉన్నాయి, అయినా అన్నాను. లాక్టిక్ యాసిడ్ పేరుకుందనీ, గట్టిగా పిసికితే కరిగిపోతుందనీ చెప్పి, ఆమె వద్దంటున్నా నూనె పెట్టి పిసికాను. నాలుగు గుంజీళ్ళు తీస్తే వదులుతుందన్నాను. పరగడుపున నొప్పి మాత్ర ఇచ్చాను. ఈ సలహాల్లో ఒక్కటీ తెలిసి చెప్పింది కాదు.

ఆ తర్వాతే చదివాను, అడిగాను. చదివేకొద్దీ నేనన్న ప్రతి మాటా తప్పని తేలింది.

మెట్టెక్కేటప్పుడు తొడ కండరం కురచవుతూ ఒంటిని పైకి లేపుతుంది. దిగేటప్పుడు అదే కండరం సాగుతూ బరువు ఆపాలి. మేడ మీంచి బరువైన మూటను తాడుతో దించేవాళ్ళు తాడును వదులుతూనే బిగబట్టినట్టు. ఇలా సాగుతూ పనిచేసేటప్పుడు అదే బరువుకు తక్కువ పోగులు పనిలోకి దిగుతాయి, కాబట్టి ఒక్కో పోగు మీద పడే భారం పెరుగుతుంది. కానీ ఖర్చయ్యే శక్తి, ప్రాణవాయువు మాత్రం ఎక్కేటప్పటికంటే చాలా తక్కువ. అందుకే ఆయాసం రాదు. నేను మోసపోయింది సరిగ్గా ఇక్కడే. ఆయాసమొక్కటే శ్రమకు గుర్తనుకున్నాను. ఊపిరి నిమ్మళంగా ఉన్నంతసేపూ కాళ్ళు కూడా నిమ్మళంగా ఉన్నాయనుకున్నాను.

డెన్మార్క్ శాస్త్రవేత్త ఎర్లింగ్ అస్ముస్సెన్ 1956లో ఈ తేడానే పరీక్షించి చూపాడు. మనుషుల చేత ఎత్తు పీట ఎక్కించి దించాడు. ఎప్పుడూ ఒక కాలితోనే ఎక్కాలి, రెండో కాలి మీద బరువు ఆపుకుంటూ దిగాలి. తర్వాతి రోజుల్లో నొప్పి పుట్టింది దించిన కాలికే. అంతకుముందు 1902లోనే అమెరికాలో థియోడర్ హఫ్, ఇలా ఆలస్యంగా వచ్చే నొప్పికి కండరం లోపలి చిరుగులు కారణమై ఉంటాయని రాశాడు. 1980ల్లో స్వీడన్ పరిశోధకులు మెట్లు దిగినవాళ్ళ పిక్క కండరం ముక్కను మైక్రోస్కోపు కింద చూసినప్పుడు, పోగుల లోపలి వరస చెదిరి కనిపించింది. చెదిరినచోట వాపు మొదలవుతుంది, చుట్టూ ఉన్న నరాల కొసలు సున్నితమవుతాయి. దానికంతా సమయం పడుతుంది. కాబట్టే నొప్పి 12 నుంచి 24 గంటలకు మొదలై, ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ముదిరి, వారం లోపల సాధారణంగా తగ్గిపోతుంది.

లాక్టిక్ యాసిడ్ సంగతికొస్తే, శ్రమ ఆగిన గంట, గంటన్నరలోపే అది మామూలు స్థాయికి వచ్చేస్తుంది. మూడో రోజుకి తొడలో పేరుకుని ఉండదు. పైగా అది ఎక్కువగా తయారయ్యేది ఆయాసపడి ఎక్కేటప్పుడు. నొప్పికి అదే కారణమైతే ఎక్కినవాళ్ళకే ఎక్కువ బాధ ఉండాలి. ఇంత చిన్న తర్కం నాకు తట్టలేదు, తట్టకుండానే ఆమెకు పాఠం చెప్పాను.

బస్కీలు తీసేవాళ్ళకూ ఇదే వర్తిస్తుంది. కిందికి కూర్చునే సగమే మర్నాడు తొడల్ని పట్టేస్తుంది. మొదటిరోజు ఏమీ తెలియలేదు కదా అని రెండోరోజు రెట్టింపు చేసేవాళ్ళు, నొప్పి ఇంకా దారిలో ఉందని గ్రహించాలి.

ఒంటికి ఇంకో గుణం ఉంది. ఒకసారి ఇలా చెదిరిన కండరం సర్దుకున్నాక, అదే పని మళ్ళీ చేస్తే నొప్పి బాగా తగ్గుతుంది, ఆ రక్షణ కొన్ని వారాల పాటు నిలుస్తుంది. నాట్లకు దిగిన మొదటి రెండు మూడు రోజులు తొడలూ నడుమూ పట్టేసి, తర్వాత ఒళ్ళు అలవాటుపడుతుందని మా నాయనమ్మ అనేది. ఆ మాట విని కూడా దాన్ని మెట్లకు అన్వయించుకోలేదు. కొండకి వెళ్ళే ముందు కొన్ని వారాలు మా వీధిలోని మేడ మెట్లు దిగినా సరిపోయేది. పది పదిహేను నెమ్మదైన బస్కీలతో మొదలుపెట్టి, రోజు విడిచి రోజు కొద్దికొద్దిగా పెంచినా సరిపోయేది.

నొప్పి వచ్చాక చేయగలిగింది తక్కువే. మెల్లగా అటూ ఇటూ నడిస్తే కాసేపు హాయిగా ఉంటుంది. తేలిగ్గా మర్దన చేస్తే కొంత ఉపశమనం. కాళ్ళు సాగదీసే కసరత్తు వల్ల చెప్పుకోదగ్గ లాభం లేదు. మిగతాది కాలం చూసుకుంటుంది. నేను పిసికిన పిసుకుడు వల్ల ఆమెకు కలిగింది బాధ మాత్రమే. ఆమెకు క్షమాపణ చెప్పాను. కాలినడక మొక్కు ఎక్కడంతోనే తీరుతుంది, దిగడం బస్సులోనైనా పరవాలేదని ఆమె అంది, నిజమే.

ఈ చదువులో నన్ను అన్నిటికంటే భయపెట్టింది ఒకటుంది. విపరీతమైన శ్రమకు కండరం మరీ ఎక్కువగా దెబ్బతింటే అందులోని పదార్థాలు రక్తంలో కలిసి మూత్రపిండాలను పాడుచేయవచ్చు. ఒంట్లో నీళ్ళు తగ్గిన స్థితిలో కొన్ని రకాల నొప్పి మాత్రలు ఆ ముప్పును పెంచుతాయి. నేను ఆమెకు నీళ్ళ సంగతి అడక్కుండానే మాత్ర ఇచ్చాను.

మూత్రం టీ డికాషన్ రంగులోకి మారినా, తొడలు బాగా వాచి కాలు లేవనంత నీరసం వచ్చినా ఇంట్లో చిట్కాలు మానేసి వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. ఒక్క పిక్కే వాచి, వేడిగా ఉండి నొప్పి పుడుతుంటే అది వ్యాయామం నొప్పి కాకపోవచ్చు. రక్తనాళంలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అదే రోజు డాక్టరుకి చూపించండి.