ఒక నిరాకరణ సూత్రానికి టీకా తాత్పర్యం

మూలం: రిజెక్ట్_అన్‌నోన్_క్లయింట్_హోస్ట్‌నేమ్

అవతారిక: సోలాపురం అశోక్ చౌక్‌లో టవళ్లు నేయించే ఒక కార్ఖానాదారు మెయిల్లో లాటరీలూ లోన్లూ కుప్పపడ్డాయి. వాటిని ఆపడానికి వచ్చిన ఇంజనీరు మెయిలు సర్వరు పోస్ట్‌ఫిక్స్‌లో ఈ పంక్తి చేర్చి, "ఇండస్ట్రీ స్టాండర్డ్" అని సెలవిచ్చి వెళ్లాడు.

ప్రతిపదార్థం: సుగమం.

వ్యాఖ్య: వాకిట నిలిచిన సర్వరు ఐపీ అంకెను బట్టి దాని పేరు విచారించాలి. ఆ పేరును తిరిగి విచారిస్తే అదే అంకె రావాలి. రాకుంటే ప్రవేశం లేదు. ఇది గోత్రవిచారణ.

గోత్రం మాట వచ్చింది గనక ఒక ప్రసంగం. పద్మశాలీల మూలపురుషుడు మార్కండేయ మహర్షి. ఆయన కొడుకు భావనారుషి తామరనారతో దేవతలకు బట్ట నేశాడనీ, ఆయన నూటొక్క కొడుకుల వల్లే 101 గోత్రాలు ఏర్పడ్డాయనీ కులపురాణం. ఆ గోత్రాలవాళ్లే తెలంగాణ నుంచి మగ్గం పని వెతుక్కుంటూ సోలాపురం చేరారు. వాళ్లను వాకిట్లో ఆపి ప్రవర చెప్పమని ఉంటే ఈ ఊళ్లో చాదరెక్కడిది, టవలెక్కడిది? గోత్రం వియ్యంకుణ్ణి అడగాలి, బేరగాణ్ణి కాదు. ఇంతకీ మెయిలు సంగతి.

పూర్వపక్షం: పేరు లేనివాడు దొంగే కదా?

సమాధానం: కాదు. ఆ పేరు నమోదు చేయాల్సింది చాలాసార్లు మెయిలు పంపే నూలు వ్యాపారి కాదు, అతనికి ఇంటర్నెట్ లైను ఇచ్చిన కంపెనీ. చిన్నవాడి మాట అది వినదు. దొంగకు మాత్రం ప్రవర కంఠతా వచ్చు: అద్దె సర్వరు, సరిపోలే పేరు, పంపేవాణ్ణి రుజువు చేసే ఎస్‌పీఎఫ్, డీకిమ్ సంతకం, అన్నీ సక్రమం.

విశేషం: మామూలుగా ఈ నిరాకరణకు జవాబు అంకె 450. అంటే "తర్వాత రా" అని. పంపే సర్వరూ పోస్ట్‌ఫిక్సే అయి, అమరికలు ఎవరూ ముట్టుకోకపోతే, ఆ మెయిలు 5 రోజులు తిరుగుతూనే ఉంటుంది. అన్నాళ్లూ పంపినవాడికి కబురు లేదు, ఇక్కడివాడికి మెయిలు వచ్చిన ఊసే తెలియదు. నూలు రేటు 5 రోజులు ఆగుతుందా స్వామీ? 550, అంటే "ఇక రావద్దు" అని ముఖాన చెబితే వాడు ఫోనైనా చేసేవాడు!

అలంకారం: "ఇండస్ట్రీ స్టాండర్డ్" అన్నచోట అతిశయోక్తి.

తాత్పర్యం: ఇంజనీరు గారూ, ఈ సూత్రం ముందు వార్న్_ఇఫ్_రిజెక్ట్ అని చేర్చండి. అప్పుడది ఎవరినీ గెంటదు, లాగులో రాసుకుంటుందంతే. కొన్ని వారాలయ్యాక ఆ లాగు తెరిచి, ఎవరెవరు గుమ్మంలో ఆగిపోయేవారో కార్ఖానాదారుకు చదివి వినిపించండి. ఎవరిని వెళ్లగొట్టాలో ఆయన చెబుతాడు.