పళ్లేనికి టెండరు అక్కర్లేదు

కువైట్

బావగారికి,

ఇక్కడంతా క్షేమం. ఎండ కూడా క్షేమమే, దానికి ఏ జబ్బూ రాదు. ఈ దేశానికి నది లేదు. తాగే నీరు దాదాపు అంతా సముద్రపు నీటిని కాచో, వడకట్టో తీసిందే. మన నెల్లూరు తీరంలో ఉప్పు ఉంచుకుని నీళ్లను ఎండకు వదిలేస్తాం. వీళ్లు నీళ్లు ఉంచుకుని ఉప్పును సముద్రానికే తిరిగిచ్చేస్తారు. శాస్త్రం ఒకటే, ఎవరి గరజు వాళ్లది. అందుకే అడుగుతున్నా: ఉప్పు మడుల పక్కనున్న మీ హైస్కూల్లో స్ఫటికీకరణ పాఠానికి నల్లబల్ల మీద బీకరు బొమ్మ దేనికి? పిల్లల చేతే చేయించరాదా?

మైపాడు సముద్రపు నీళ్లు ఒక లీటరు వెడల్పాటి పళ్లెంలో ఎండబెట్టిస్తే చాలు. లీటరుకు సుమారు 35 గ్రాముల లవణాలని పుస్తకం చెబుతుంది. త్రాసు ఏమంటుందో పిల్లలే చూస్తారు. లవణాలన్నీ ఒకేసారి దిగవు. నీరు ఇగిరేకొద్దీ ముందు కాల్షియం కార్బొనేట్, తర్వాత జిప్సం, నీరు పదోవంతుకు వచ్చాక మనం తినే ఉప్పు పేరుకుంటాయి. చివర మిగిలే చేదు నీళ్లలో మెగ్నీషియం లవణాలుంటాయి. మడుల్లో పనివాళ్లు వాటిని పారబోసేది అందుకే. అక్టోబరు, నవంబరు వానలప్పుడు పెన్న సముద్రంలో కలిసేచోట పట్టిన నీళ్లు 35 గ్రాములు ఇవ్వవు. ఎందుకివ్వవని ఒక్క పిల్ల అడిగినా ఆ నెల మీ జీతం గిట్టుబాటైనట్టే.

ల్యాబుకు డబ్బులేవీ అంటారు. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబుల పథకం కింద కేంద్రం బడికి 20 లక్షల దాకా ఇస్తుంది, వస్తే వద్దనకండి. రాకపోయినా పళ్లేనికి టెండరు పిలవక్కర్లేదు. కుప్పంలో ప్రాంగణమున్న అగస్త్య ఫౌండేషన్ 1999లో పుట్టింది. చవక సామగ్రిని వ్యాన్లలో, బైకుల మీద పల్లె బళ్లకు మోసుకెళ్తోంది. బైకు మీద పట్టే ల్యాబు మీ బీరువాలో పట్టదా? తాళంచెవి పోయిందంటే మాత్రం నేనేమీ చెప్పలేను. సిలబస్ పూర్తికాదన్న భయమూ వద్దు. ద్రావణాలు, బాష్పీభవనం, సాంద్రత, స్ఫటికీకరణ, ఇన్ని పాఠాలూ ఆ ఒక్క పళ్లెంలోనే ఉన్నాయి. ప్రమాదం సంగతి మాత్రం కొట్టిపారెయ్యలేం. వేరే ప్రయోగాలకు ఆమ్లం వాడితే ఆ సీసా మీ చేతిలోనే ఉండాలి, పిల్లలు అలల్లోకి దిగకూడదు, నీళ్లు పెద్దవాళ్లే పట్టుకురావాలి.

మార్కులు రికార్డు రాస్తే వచ్చేవే కదా అనేది ఆఖరి వాదన. నిజమే. సీనియర్ల రికార్డు చూసి జూనియర్లు రాసే రీడింగుల్లో కటక నాభ్యంతరం ఏటా పాయింటు కూడా తేడా రాదు. అంత కచ్చితత్వం శ్రీహరికోటలోనే లేదు. 1979 ఆగస్టులో తొలి ఎస్‌ఎల్‌వీ-3 రాకెట్టు సముద్రంలో పడింది. ఎక్కడ తప్పిందో వెతికి, 1980 జులైలో రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టారు. వాళ్లు కూడా పాత రికార్డు చూసి రాసేసుంటే మార్కులొచ్చేవి, ఉపగ్రహం వచ్చేది కాదు. పిల్లలకైనా అంతే, తేడా వచ్చిన రీడింగు దగ్గరే ఆలోచన మొదలవుతుంది. కాబట్టి ఈసారి ఒకరి లెక్క ఒకరితో కలవలేదని కోప్పడకండి, అందరివీ కలిస్తేనే కోప్పడండి.

అక్కకు నమస్కారాలు, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ బావమరిది