అతుక్కుంటేనే అన్నం

ఎమ్మిగనూరోళ్లు ఇన్నాళ్లూ బోకులు కొంటే వేలితో కొట్టి చూసేవాళ్లు. ఠంగుమంటే సంచిలోకి. ఇప్పుడు కాలం మారింది, వంటింట్లోకి కరెంటుతో నడిచే గాజు పొయ్యి వచ్చింది. మొన్న ఆదోని బజారులో ఒకాయన ఫ్రిజ్ మీది అయస్కాంతం బొమ్మను పీక్కొచ్చి, అంగట్లో ప్రతి గిన్నె అడుగుకూ అంటిస్తున్నాడు. అల్యూమినియం డేగిసా: జారింది. ఇత్తడి గిన్నె: జారింది. ఆఖరికి గట్టిగా అతుక్కున్నది అంగడి షట్టరుకే. "ఇదెంతప్పా?" అని అడగలేదు గానీ, అడిగేటట్టే చూశాడు.

గాజు పొయ్యిలో రెండు రకాలు. ఇండక్షన్‌కు అయస్కాంతం పట్టే గిన్నె కావాలి, లేకుంటే కుయ్యిమని మొరాయిస్తుంది. ఇన్‌ఫ్రారెడ్ ఏ లోహమైనా కాదనదు, అడుగు మాత్రం చదునుగా ఉండాలి. మన సంగటి కుండ అడుగేమో గుమ్మడికాయ! గాజు మీద పెడితే బొంగరమే. పైగా సంగటంటే కుండ కదలకుండా బిగించి, రెండు చేతులా కట్టెతో కెలకాలి. ముద్ద కాకముందే గాజు ముక్కలవుతుంది.

జొన్నరొట్టె పెనం ఇనుమే, అయస్కాంతం ప్రేమగానే పట్టుకుంటుంది. కానీ దాని నడుమ గుంట. పోనీ చదును పెనం కొన్నా, రొట్టెను పొంగించే మంటేది? 2000 వాట్ల పొయ్యి అరగంట నడిస్తే ఒక యూనిట్. కరెంటు పోతే అది ఉత్త గాజుబల్ల.

ఆ బల్ల మీదే ఆ అయస్కాంతమాయన ఇంట్లో రోజూ పొద్దున ఉగ్గాని పొట్లం విప్పుతున్నారు. బజ్జీలతో సహా, హోటల్‌దే.