నా బదులు తను వంచిన తల

పరాయి దేశంలో ధర చూడగానే మనసులో రూపాయల్లోకి మార్చుకోవడం మనలో చాలామందికి ఉన్న అలవాటే. అందులో తప్పేమీ లేదు. నా బుద్ధితక్కువతనం అంతకన్నా లోతైనది. ధర చెప్పిన ప్రతివాళ్ళూ నన్ను ముంచడానికే చెబుతున్నారనీ, ఎంతో కొంత తగ్గించకుండా కొంటే నేను ఓడిపోయినట్టేననీ నమ్మేదాన్ని. హైదరాబాద్ సుల్తాన్ బజార్‌లోనూ లాడ్ బజార్‌లోనూ ఆ నమ్మకం బాగానే పనికొచ్చింది. అక్కడ అమ్మేవాళ్ళు బేరానికి చోటు ఉంచుకునే ధర చెబుతారు. టోక్యోలోనూ అలాగే ఉంటుందనుకున్నాను. దాని ఫలితం మాత్రం నా స్నేహితురాలు అనుభవించింది.

తను నా ఇంజనీరింగ్ క్లాస్‌మేట్. పెళ్ళయ్యాక టోక్యో వెళ్ళి, మనవాళ్ళు ఎక్కువగా ఉండే నిషి-కసాయ్‌లో కాపురం పెట్టింది. నేనూ, మా హాస్టల్ రూమ్మేట్ ఇంకొకామె కలిసి వెళ్ళాం. మా కోసం తను ఆఫీసుకి సెలవు పెట్టి అసకుసా చూపించడానికి తీసుకెళ్ళింది.

సెన్సోజీ గుడి అక్కడే. సుమిద నదిలో చేపలు పట్టే అన్నదమ్ముల వలలో 628లో కన్నోన్ విగ్రహం పడిందనీ, ఆ విగ్రహం కోసమే గుడి వెలిసిందనీ స్థలపురాణం. కన్నోన్ అంటే మన అవలోకితేశ్వరుడే. ఆ మూల విగ్రహాన్ని ఎవరికీ చూపించరు. లోపలెక్కడో ఉందన్న నమ్మకంతోనే అంతమంది వచ్చి దణ్ణం పెట్టుకుంటారు. స్నేహితురాలు ఇవన్నీ ఎంతో ఇష్టంగా చెబుతోంది. నా కళ్ళు మాత్రం కామినరిమోన్ ద్వారం నుంచి గుడివైపు సాగే నకమిసె వీధి మీదే ఉన్నాయి. విసనకర్రలు, చాప్‌స్టిక్‌లు, వేడివేడిగా పోస్తున్న బొమ్మల కేకులు. ప్రతిచోటా ఆగి, "ఇది ఎంతకిస్తాడో అడుగు" అని తన చెయ్యి లాగుతూనే ఉన్నాను. తను ఓపిగ్గా ధర అడిగి చెప్పేది. తగ్గించమని మాత్రం ఎక్కడా అడగలేదు. మొహమాటపడుతోందనుకున్నాను.

గుడి నుంచి బయటికి వచ్చాక, "నది ఒడ్డునే సుమిద పార్కు ఉంది. కొంచెం నడిస్తే కొతొతొయి వంతెన దగ్గర కొన్ని రాళ్ళున్నాయి. మీకు చూపించాలి" అంది. "రాళ్ళేం చూస్తామే, షాపులు మూసేస్తారు" అన్నాను. తను ఇంకేమీ అనలేదు.

అక్కడి నుంచి కప్పాబాషి వీధికి నడిచాం. హోటళ్ళవాళ్ళకీ, వంటవాళ్ళకీ కావలసిన సరంజామా అంతా దొరికే వీధి అది. దాదాపు ఎనిమిది వందల మీటర్ల పొడవునా గిన్నెలు, పింగాణీ, హోటళ్ళ అద్దాల వెనక పెట్టే ప్లాస్టిక్ వంటకాల నమూనాలు. నాకు కత్తి కావాలి. జపాన్ కత్తుల పేరు విని ఉన్నానుగా. తను నేరుగా ఒక చిన్న షాపుకి తీసుకెళ్ళింది. లోపల డెబ్బై దాటిన పెద్దాయన. తనని చూడగానే పలకరించారు. తన ఇంట్లో కత్తులన్నీ అక్కడ కొన్నవే. మొద్దుబారితే పదును పెట్టించడానికి తెచ్చేదీ అక్కడికే. నన్ను "నా స్నేహితురాలు, భారతదేశం నుంచి వచ్చింది" అని పరిచయం చేసింది. ఆయన నాక్కూడా తల వంచి నమస్కరించారు.

ధర మాట ఎత్తకముందే ఆయన చాలా అడిగారు. కుడిచేతివాటమా, ఎడమచేతివాటమా? ఒక వైపే పదును ఉండే కత్తులు చేతివాటాన్ని బట్టి వేరువేరుగా చేస్తారట. కూరగాయలకా, చేపలకా? వాడిన వెంటనే తుడిచి ఆరబెట్టగలరా? లేకపోతే తుప్పు పట్టని ఉక్కే మంచిది. ఇవన్నీ ఖరీదైనది అంటగట్టే ఎత్తులనుకున్నాను. చివరికి ఆయన కూరగాయలు తరిగే నకిరి కత్తి తీశారు. అంచు తిన్నగా, కొన చదరంగా, చిన్న గొడ్డలి రేకులా ఉంది. ఒసాకా పక్కనున్న సకాయ్ ఊళ్ళో చేసింది. అక్కడ ఉక్కు సాగగొట్టేవాళ్ళు ఒకరు, పదును పెట్టేవాళ్ళు ఒకరు, పిడి బిగించేవాళ్ళు ఒకరు. ఆయన ఒక పాత కాగితాన్ని ఎడమచేత్తో గాల్లో పట్టుకుని, కత్తిని దాని బరువుకే వదిలేసినట్టు కిందికి దించారు. చప్పుడే కాలేదు. కాగితం రెండు ముక్కలైంది. పిడి దగ్గర, రేకు మీద కావాలంటే నా పేరు చెక్కిస్తానన్నారు, డబ్బు తీసుకోకుండా.

ధర 16,000 యెన్‌లు. పాస్‌పోర్టు చూపిస్తే విదేశీ పర్యాటకులకి పది శాతం పన్ను మినహాయింపు ఉండేది, అది తీసేశాకే ఆ ధర చెప్పారు. "పన్నెండు వేలకి ఇమ్మను" అన్నాను. "ఇక్కడ అలా అడగరే" అంది తను, నెమ్మదిగా. "నువ్వడుగు, నేనున్నానుగా" అన్నాను. తను అడగలేదు. నేనే ఫోన్ తీసి, ఆన్‌లైన్‌లో అలాంటిదేదో కత్తి ధర ఆయన మొహం ముందు పెట్టాను. ఆయన దాన్ని శ్రద్ధగా చూశారు. క్షమించమని చెప్పి, లోపలికి వెళ్ళి తక్కువ ధరది ఇంకొకటి తెచ్చి నా ముందు పెట్టారు. నేను తల అడ్డంగా ఊపి లేచాను. గుమ్మం దాటితే వెనక్కి పిలిచి ఇస్తారు, మన దగ్గర ఎప్పుడూ జరిగేదే.

ఆయన పిలవలేదు. నా వెనక తను "సుమిమాసెన్, సుమిమాసెన్" అంటూ వంగి వంగి క్షమాపణ చెప్పడం వినిపించింది. ఆయన గుమ్మం దాకా వచ్చి, మేము సందు తిరిగేవరకూ తల వంచే ఉన్నారు.

తన మొహం చూడలేకపోయాను. చాలాసేపటికి ఒక్క మాట అంది: "నువ్వు ఎల్లుండి విమానం ఎక్కేస్తావు. నేను ఇక్కడే ఉండాలి."

కొత్త దేశంలో భాష నేర్చుకుని, పద్ధతులు పట్టుకుని, ఒక షాపులో పేరుపెట్టి పలకరించే మనిషిని సంపాదించుకోవడానికి తనకి ఎన్నేళ్ళు పట్టిందో నేను ఆలోచించలేదు. చుట్టపు చూపుగా వచ్చి, తను సంపాదించుకున్న పరువుని నాలుగు వేల యెన్‌ల కోసం వాడేశాను. దక్కిన పరువు నాదైతే పోగొట్టుకునే హక్కు నాకుండేది. అది తనది.

ఆ రాళ్ళ సంగతి ఆ రాత్రి మా రూమ్మేట్ అడిగితే చెప్పింది. 1945 మార్చి 9 రాత్రి మొదలై తెల్లవార్లూ అమెరికా విమానాలు టోక్యో మీద నిప్పు బాంబులు కురిపించాయి. దాదాపు లక్షమంది పోయారు. సెన్సోజీ ప్రధానాలయం కాలిపోయింది. ఇప్పుడున్నది 1958లో మళ్ళీ కట్టింది. మంటల నుంచి తప్పించుకోవాలని నదికి ఇటువాళ్ళు అటు, అటువాళ్ళు ఇటు పరుగెత్తి కొతొతొయి వంతెన మీద ఇరుక్కుపోయారు. అక్కడే మంటలు కమ్మేశాయి. తరవాత వంతెన బాగుచేసినప్పుడు దాని అంచు రాళ్ళు కొన్ని తీసి, పార్కులో స్మారకం పక్కన పెట్టారు. తనకి జపనీస్ నేర్పిన పెద్దావిడ మొట్టమొదట తీసుకెళ్ళి చూపించిన చోటు అదేనట. తనకి తెలిసిన టోక్యోలో అన్నిటికన్నా విలువైనది మాకు చూపించాలనుకుంది. షాపులు మూసేస్తారని నేను ఆపేశాను.

హైదరాబాద్ వచ్చాక ఫోన్ చేసి, ఆ పెద్దాయనకి నా తరఫున క్షమాపణ చెప్పమన్నాను. తను కాసేపు మాట్లాడలేదు. ఆ షాపుకి వెళ్ళడం మానేసిందట. కత్తులు వేరేచోట పదును పెట్టిస్తోంది. "మళ్ళీ నీ తరఫున నేనే తల వంచాలా?" అంది.

నిజమే, క్షమాపణ కూడా తన చేతే చెప్పించబోయాను. కౌంటర్ మీద నుంచి తీసుకున్న షాపు కార్డు నా పర్సులోనే ఉంది. ఆ చిరునామాకి ఉత్తరం రాశాను, తప్పంతా నాదేననీ, తనకి అందులో ఏ పాత్రా లేదనీ. ఇక్కడ జపనీస్ నేర్పే ఒకావిడకి డబ్బిచ్చి దాన్ని ఆ భాషలోకి మార్పిస్తున్నాను. ఆవిడ చెప్పిన ఫీజుకి బేరం ఆడలేదు.