శనివారం డౌన్‌లోడ్, సోమవారం సాఫ్ట్‌వేర్

కోడింగ్ అక్కర్లేదు, ప్రోగ్రామర్‌తో పని లేదు, మౌస్‌తో లాగి వదిలితే చాలు, మీ వ్యాపారానికి కావలసిన సాఫ్ట్‌వేర్ రెండు రోజుల్లో మీ చేత్తో మీరే తయారు చేసుకుంటారు. ‘నో-కోడ్’ పరికరాల ప్రకటన చెప్పేది ఇదీ. పక్కనే ల్యాప్‌టాప్ ముందు చిరునవ్వుతో కూర్చున్న వ్యాపారి బొమ్మ. ఆ బొమ్మలో బల్ల మీద ఒక్క కాగితం ఉండదు, అప్పు అడిగే మనిషి ఉండడు, కరెంటు పోదు.

ఈ మాట వినడం లోకానికి కొత్తేమీ కాదు. 1981లో ఇంగ్లండులో ‘ది లాస్ట్ వన్’ అనే సాఫ్ట్‌వేర్ అమ్మకానికి వచ్చింది. అడిగిన ప్రశ్నలకు జవాబులిస్తే బేసిక్ భాషలో ప్రోగ్రాము అదే రాసిపెడుతుంది కాబట్టి, మనిషి రాయవలసిన ఆఖరి ప్రోగ్రాము ఇదేనని దానికా పేరు. దాని తర్వాత పుట్టిన ప్రోగ్రాములను లెక్కపెట్టే ఓపిక ఇవాళ ఎవరికీ లేదు.

అదే కాలంలో అమెరికాలో డీబేస్ II అనే డేటాబేస్ సాఫ్ట్‌వేర్ రాజ్యమేలింది. వేన్ రాట్లిఫ్ అనే ఇంజనీరు జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీలో పనిచేస్తూ, ఆఫీసులో ఆడే ఫుట్‌బాల్ పందేలు గెలవడానికని మొదలుపెట్టిన ప్రోగ్రాము అది. మరి డీబేస్ I ఏమైందంటారా? అలాంటిది ఎప్పుడూ లేదు. రెండోదంటే బాగా నలిగిన, నమ్మకమైన సరుకులా కనిపిస్తుందని అమ్మకందారుల తెలివి. అమ్మిన కంపెనీ పేరు ఆష్టన్-టేట్. అందులో టేట్ ఉన్నాడు గానీ ఆష్టన్ అనేవాడు లేడు. వినడానికి బాగుందని తగిలించారు. ఈ వ్యాపారంలో ప్రకటనకూ సరుకుకూ ఉన్న చుట్టరికం అప్పుడే తేలిపోయింది.

ఆ గాలి మన ఊళ్లకూ తగిలింది. 1990ల్లో సందుకో కంప్యూటర్ సెంటర్, బోర్డు మీద డీసీఏ, పీజీడీసీఏ కోర్సులు, లోపల డీబేస్ III ప్లస్, ఫాక్స్‌ప్రో. కోర్సు చివర ప్రాజెక్టు చేయాలి. ‘లైబ్రరీ మేనేజ్‌మెంట్’, ‘పేరోల్’, ‘హాస్పిటల్ మేనేజ్‌మెంట్’ అని ఊరూరా అవే పేర్లు. వాటిని చేసినవాళ్లలో ఎంతమంది ఒక్కసారైనా లైబ్రేరియన్‌ను కలిసి ‘మీ పని ఎలా సాగుతుందండీ’ అని అడిగారో ఆ సెంటర్ల గోడలకే తెలియాలి. ఇప్పుడు సెంటరు స్థానంలో యూట్యూబ్ వచ్చింది, ఫాక్స్‌ప్రో స్థానంలో లో-కోడ్, నో-కోడ్ వచ్చాయి. లైబ్రేరియన్‌ను అడగకపోవడం మాత్రం అలాగే ఉంది.

గుంటూరు వైపు ఒక ఎరువుల కొట్టు ఉందనుకుందాం. యజమానికి అప్పు ఖాతాలు కంప్యూటర్లోకి ఎక్కించాలని బుద్ధి పుట్టింది. బీటెక్ చదివే మేనల్లుడు నాలుగు వీడియోలు చూసి సంక్రాంతి సెలవుల్లో పని ముగించాడు. ఒకటే టేబుల్. అందులో తేదీ, రైతు పేరు, సరుకు 1, సరుకు 2, సరుకు 3, మొత్తం, వివరాలు. పైన కొట్టు పేరు, మూలన వినాయకుడి బొమ్మ. మొదటి వారంలోనే ఒక రైతు నాలుగో సరుకు కొన్నాడు. దానికి గడి లేదు. గుమాస్తా దాన్ని ‘వివరాలు’ అనే చోట ఇరికించాడు. తర్వాత అదే అలవాటైంది. ఏడాది చివర యూరియా ఎన్ని బస్తాలు అమ్మామని అడిగితే కంప్యూటరు మూడు గడులు చూసి చెప్పింది. నాలుగో సరుకు లెక్క గుమాస్తా బుర్రలో ఉంది.

మేనల్లుడు మళ్లీ వచ్చాడు, మరికొన్ని వీడియోలు చూశాడు. ఈసారి సరుకులకు వేరే టేబుల్ కట్టి, ధర అందులో పెట్టి, బిల్లును దానికి ముడివేశాడు. ముచ్చటగా ఉంది. డీఏపీ బస్తా 1,200 రూపాయల నుంచి 1,350 అయిన నాడు ధర ఒక్కచోట మార్చాడు. దాంతో బిల్లులన్నీ మారిపోయాయి, నిరుటివి కూడా. ఇరవై బస్తాలకు 24,000 చెల్లించి రసీదు మడిచి జేబులో పెట్టుకుని వెళ్లిన రైతు మీద 3,000 బాకీ తేలింది. ‘ఏందయ్యా ఇది, నిరుడే కట్టేశాగా!’ అని ఆయన కొట్టు ముందు నిలబడితే యజమాని దగ్గర జవాబు లేదు. అమ్మిన నాటి ధర ఆ బిల్లులోనే విడిగా నిలిచి ఉండాలన్నది చిట్టా రాసిన ఏ గుమాస్తాకైనా తెలుసు. వీడియోలో ఆ ముక్క లేదు.

ఇక పేర్ల గొడవ. పాత ఖాతా పుస్తకంలో ‘చెరువుగట్టు వెంకటేశ్వర్లు’, ‘సుబ్బమ్మగారి వెంకటేశ్వర్లు’ అని ఉండేది, ఎవరి అప్పు వాళ్లదే. కొత్త సాఫ్ట్‌వేర్లో వాళ్లలో ఒక్కడే ఒకసారి ఇంగ్లీషు ‘వి’తో, ఒకసారి ఇంటిపేరుతో, ఇంకోసారి ‘రావు’ తోకతో ముగ్గురయ్యాడు. సరే, ఫోన్ నంబరుతో గుర్తుపడదామన్నాడు మేనల్లుడు. తండ్రి, వేరుపడిన కొడుకు, పక్క చేను కౌలుదారు ముగ్గురూ ఇచ్చింది ఒకే నంబరు. ముగ్గురు ఒక్కడయ్యారు.

ఏ సంగతి ఎక్కడ ఒక్కసారే ఉండాలి, దేన్ని దేంతో గుర్తుపట్టాలి అన్న ఆలోచనకు ఐబీఎంలో పనిచేసిన ఎడ్గార్ కాడ్ 1970లోనే పునాది వేశాడు. మన షావుకార్లు రోజువారీ చిట్టా వేరు, ఖాతాల ఆవర్జా వేరు అని పెట్టుకున్నదీ ఆ మెలకువతోనే. నేర్పవలసింది అది. కోర్సుల్లో నేర్పేది బటన్‌కు ఏ రంగు బాగుంటుందో.

పరికరాల మీద కోపం అనవసరం. 1992లో వచ్చిన మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌తో ఎన్నో చిన్న ఆఫీసులు నిజంగానే బతికాయి. కానీ దాని ఫైలు రెండు గిగాబైట్లు దాటకూడదని, కొట్టు ఎదిగితే ఆ గోడ తగులుతుందని అమ్మేటప్పుడు ఎవరు చెప్పారు?

పెద్దవాళ్లకూ ఇదే తద్దినం. 2020లో బ్రిటన్ ప్రజారోగ్య సంస్థ కొవిడ్ ఫలితాలను ఎక్సెల్ పాత రకం ఫైళ్లలోకి ఎక్కించింది. ఆ ఫైల్లో 65,536 వరుసలే పడతాయి. మిగిలినవి చప్పుడు లేకుండా రాలిపోయి, 15,841 కేసులు రోజువారీ లెక్కకు అందలేదు. 2021లో మైక్రోసాఫ్ట్ పవర్ యాప్స్‌తో కట్టిన పోర్టళ్లలో 3 కోట్ల 80 లక్షల రికార్డులు ఎవరైనా చూడగలిగేలా ఇంటర్‌నెట్‌లో పడి ఉన్నాయని అప్‌గార్డ్ అనే భద్రతా సంస్థ బయటపెట్టింది. ఎవరూ తాళం పగలగొట్టలేదు. అప్పట్లో టేబుళ్లకు తాళం దానంతట అది పడేది కాదు, కట్టినవాళ్లే వెయ్యాల్సి ఉండేది. మౌస్‌తో లాగి వదిలినవారికి ఆ కబురు అందలేదు.

ఇన్ని తిప్పలు పడి నేర్చుకున్నా, నేర్చుకున్నది నిలుస్తుందా? ఫాక్స్‌ప్రో కంపెనీని 1992లో కొన్న మైక్రోసాఫ్ట్ 2007లో ఇక కొత్త వెర్షన్ లేదని చెప్పేసింది. యాక్సెస్ వెబ్ యాప్స్ 2018లో పోయాయి. గూగుల్ ఫ్యూజన్ టేబుల్స్ 2019 డిసెంబరులో, గూగుల్ యాప్ మేకర్ 2021 జనవరిలో కాలం చేశాయి. అమెజాన్ హనీకోడ్ 2020 జూన్‌లో పుట్టి 2024 ఫిబ్రవరి 29న కన్ను మూసింది. తద్దినం పెట్టాలన్నా నాలుగేళ్లకోసారే. అన్నట్టు, ఇలాంటి వాటి మీదా ‘జీరో నుంచి హీరో’ కోర్సులు వచ్చాయి, సర్టిఫికెట్లూ ఇచ్చారు.

కాబట్టి డబ్బు కట్టేముందు అమ్మేవాణ్ని ఒక్క మాట అడగండి: రేపు మీ కంపెనీ దీన్ని మూసేస్తే నా ఖాతాలు మొత్తం, ఒక్క వరుస కూడా పోకుండా, ఇంకో సాఫ్ట్‌వేర్ చదవగలిగే ఫైలుగా నా చేతికి వస్తాయా? వస్తాయంటే మాటతో సరిపెట్టుకోకుండా అక్కడే, మీ కళ్లముందే చేసి చూపించమనండి. అతను నీళ్లు నమిలితే ఖాతా పుస్తకం ఇంకోటి కొనుక్కోండి.