‘లీటరుకు 25.49 దాకా’: టీకా తాత్పర్య సహితం

మూలం: లీటరుకు 25.49 కిలోమీటర్ల దాకా.

అవతారిక: ఈ వాక్యం టొయోటా కామ్రీ హైబ్రిడ్ సెడానుకు సంబంధించినది. తొమ్మిదో తరం కామ్రీ 2024 డిసెంబరులో మన దేశంలో విడుదలైంది. అప్పటి షోరూము ధర 48 లక్షలు, ఇంజను రెండున్నర లీటర్లది, కూర్పు బెంగళూరు దగ్గరి బిడదిలో. మన అనంతపురం సీమలో, పెనుకొండ మండలం ఎర్రమంచిలో 2019 నుంచి కియా కార్లు తయారవుతున్నా అక్కడ సెడాను చేయరు. అందువల్ల పుట్టపర్తి వీధుల్లో ఈ జాతి వాహనం కనిపిస్తే అది చాలామటుకు కర్ణాటక సరిహద్దులోని కొడికొండ చెక్‌పోస్టు దాటి వచ్చినదే అయి ఉంటుంది.

పాఠాంతరాలు: 2013లో ఇదే కారు హైబ్రిడ్‌గా తొలిసారి ఇక్కడికి వచ్చినప్పుడు పాఠం 19.16. అమెరికా ప్రభుత్వ ప్రతిలో కొత్త కామ్రీల్లో అన్నిటికన్నా పొదుపైన రకానికి గాలనుకు 51 మైళ్లని ఉంది. మన కొలతలో అది 21.7. ఇంధనం ఒకటే, తయారీదారు ఒక్కడే. సముద్రం దాటేసరికి నాలుగు కిలోమీటర్లు లేఖక ప్రమాదంలో పోయినట్టున్నాయి.

ప్రతిపదార్థం: లీటరు, కిలోమీటరు అందరికీ తెలిసినవే కనుక వాటికి అర్థం రాయడం లేదు. ‘దాకా’ ఒక్కటే విచారణీయం. హద్దును చెప్పేటప్పుడు పాణిని రెండు తీర్లు వేరు చేశాడు. హద్దును బయట ఉంచితే మర్యాద, లోపల కలుపుకుంటే అభివిధి. హిందూపురం దాకా వాన పడిందంటే, మర్యాదార్థంలో హిందూపురం ఎండలోనే ఉంది, అభివిధి అయితే తడిసింది. 25.49 దాకా అన్నప్పుడు ఆ 25.49 లోపలిదా, బయటిదా? షోరూములో కాఫీకి, కుర్చీకి, నమస్కారానికి ఏనాడూ లోటుండదు కాబట్టి ఇక్కడ మర్యాదార్థమే గ్రాహ్యం.

ప్రమాణ విచారం: అంకె పుట్టేది రోడ్డు మీద కాదు, పరీక్షాగారంలో. కారును రోలర్ల మీదికి ఎక్కిస్తారు. చక్రాలు తిరుగుతాయి, కారు కదలదు. 1180 సెకన్లపాటు, ఏ క్షణాన ఎంత వేగమో ముందే రాసిపెట్టిన క్రమంలో నడుపుతారు. గరిష్ఠ వేగం గంటకు 90 కిలోమీటర్లు. ఏసీ కట్టేసి ఉంటుంది. అనంతపురం సీమలో ఏప్రిల్ నెలలో ఏసీ కట్టేసి సెడాను నడిపే యజమాని ఉంటే అతడికి మైలేజీతో పనిలేదు, మోక్షం దగ్గరపడింది. ఖర్చయిన పెట్రోలును టాంకులో కొలవరు. పొగగొట్టంలోంచి వచ్చిన వాయువుల్లో కార్బన్ ఎంతో చూసి లెక్కగడతారు. పొగను బట్టి నిప్పును ఊహించడం తార్కికుల పాత విద్యే. అయితే కొండ మీద నిప్పు ఉందన్నంతటితో వాళ్లు ఆగారు. ఆ నిప్పు ఎన్ని మిల్లీలీటర్లు తాగిందో, అందులోనూ రెండు దశాంశ స్థానాల దాకా, చెప్పే సాహసం న్యాయసూత్రకర్త గౌతముడికీ లేకపోయింది.

ప్రశ్నపత్రం ముందే తెలిసిన పరీక్ష అనగానే పెనుకొండ గుర్తుకు రావాలి. తళ్లికోట యుద్ధం (1565) తరవాత విజయనగర రాజులకు రాజధాని అయిన ఊరు అది. ఆ వైభవం పోయినందుకు బాధపడుతూ పుట్టపర్తి నారాయణాచార్యులు (1914–1990) చిన్నతనంలోనే ‘పెనుగొండ లక్ష్మి’ రాశారు. ఆయన ఇంటిపేరు కూడా ఈ పుట్టపర్తే. తరవాత విద్వాన్ పరీక్షకు కూర్చుంటే పాఠ్యగ్రంథాల్లో ఆ కావ్యమే ఉంది. తన కావ్యం మీద తానే జవాబు రాయవలసి వచ్చిన విద్యార్థి ప్రపంచంలో ఇంకెక్కడైనా ఉన్నాడో లేదో. ఒక చిన్న ప్రశ్న దగ్గరే కూర్చుని పుటలకు పుటలు నింపారనీ, మిగతా ప్రశ్నలకు సమయం చాలక పరీక్ష తప్పారనీ సాహిత్య లోకంలో చెప్పుకుంటారు. తెలిసినవాడికి ‘చాలు’ అనిపించే చోటు ఉండదు. చెప్పవలసినది ఇంకా ఉందనే అనిపిస్తుంది. మూలంలో లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ ప్రతిజ్ఞ పట్టిన వ్యాఖ్యాత మల్లినాథసూరి ఆ గదిలో ఉంటే సమయానికి కాగితం ఇచ్చి బయటపడేవాడు. కానీ పెనుకొండ కోట మీద అంత ప్రేమ ఆయనకు ఉండేది కాదు.

ప్రకృతం. కారు మాత్రం తన రోలర్ల పరీక్ష తప్పదు.

అన్వయం: హైబ్రిడ్‌లో ఇంజనుకు తోడు విద్యుత్ మోటారు ఉంటుంది. బ్రేకు నొక్కినప్పుడు మామూలు కారులో వేడిగా పోయే శక్తిని ఇది బ్యాటరీలోకి మళ్లిస్తుంది. ఆగుతూ సాగుతూ పోయే చోటే దీని గొప్ప. ధర్మవరం పట్టుచీరల వీధుల్లో, ఆటోల మధ్య, ఈ సెడాను పొదుపు నిజంగా బయటపడుతుంది. 44వ నంబరు జాతీయ రహదారి మీద నూరు దాటించి నడిపితే బ్రేకుకు పని ఉండదు. పైగా గాలి అడ్డు వేగం వర్గంతో పెరుగుతుంది, 90కి బదులు 120 అయితే దాదాపు ఒకటీముప్పావు రెట్లు. 48 లక్షలు పెట్టినవాడు కొన్నది ధర్మవరం సందుల కోసం కాదు.

ఆక్షేప సమాధానం: ఎంత వేగంగా పోయినా మామూలు కారుకన్నా మిగులు కదా అని ఆక్షేపణ. మిగులే. కానీ లీటరుకు ఇన్ని అని చెప్పే లెక్క కంటిని మోసగిస్తుంది. పది ఇచ్చే పాత వ్యాను పన్నెండు ఇస్తే వంద కిలోమీటర్లకు 1.67 లీటర్లు మిగులుతాయి. ఇరవై ఇచ్చే సెడాను 25.49 ఇస్తే మిగిలేది 1.08. ఐరోపాలో వంద కిలోమీటర్లకు ఎన్ని లీటర్లని చెబుతారు కాబట్టి అక్కడ గొప్ప చెప్పుకోవడం కాస్త కష్టం. ఇక్కడ ఇంకో తమాషా. ఆంధ్రలో పెట్రోలు మీద 31 శాతం వ్యాట్, ఆపైన లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. హిందూపురం నుంచి కాస్త దూరం పోయి కర్ణాటక బంకులో నింపిస్తే లీటరుకు ఆరేడు రూపాయలు తక్కువ. ఈ విద్యకు హైబ్రిడ్ అక్కర్లేదు, టీవీఎస్ ఎక్సెల్ బండి చాలు.

తాత్పర్యం: ఆర్టీసీ బస్సు లీటరు డీజిలుకు సుమారు ఐదు కిలోమీటర్లు నడుస్తుంది. నలభైమంది ఎక్కితే మనిషి లెక్కన రెండు వందలు. సెడాను వెనక సీటులో యజమాని ఒక్కడే ఉంటాడు, డ్రైవరును ప్రయాణికుడిగా ఎవరూ లెక్కపెట్టరు కాబట్టి పాతికకు పాతికే. బస్సు కె.ఎం.పి.ఎల్.ను, అంటే లీటరుకు ఎన్ని కిలోమీటర్లన్నదాన్ని, డిపోలో పొగ వాసన చూసి కాదు, పోసిన డీజిలును బట్టి, డ్రైవరు పేరు మీద రాస్తారు. అది తగ్గితే ఆ డ్రైవరును పిలిచి అడుగుతారు. 25.49 తగ్గి పదిహేడో పద్ధెనిమిదో వస్తే షోరూములో అడిగేది కూడా డ్రైవరునే: కాలు బరువుగా పెడుతున్నావా, టైర్లలో గాలి చూశావా అని.