యెజ్డీ బాబాయి

మా బాబాయికి ఇద్దరు కొడుకులు, ఒక యెజ్డీ. ముగ్గురిలోనూ తన మాట వినేది యెజ్డీ ఒక్కటేనని ఆయన నమ్మకం. అదీ వినదని మా పిన్ని సాక్ష్యం.

ఆ బండ్లు చేసిన మైసూరు ఐడియల్ జావా ఫ్యాక్టరీ 1996లో మూతపడింది. ఆ కబురు బండి చెవిన పడకూడదన్నట్టు సాకుతున్నాడు బాబాయి. ఇలాంటాయన మీ వీధిలోనూ ఒకాయన ఉండే ఉంటాడు. ఆదివారం పొద్దున్నే లుంగీ ఎగ్గట్టి, పీట వేసుకుని బండి పక్కన చేరతాడు. పాత చీర ముక్క మీద స్పానర్లు, అరిగిన పళ్ల బ్రష్షు, కిరసనాయిలు గిన్నె. (రేషన్ షాపులో కిరసనాయిలు ఆగిపోయినప్పుడు మా వీధిలో దిగులుపడ్డది ఆయనొక్కడే.) బండికి ఏమైందని అడిగితే, "ఏమీ కాలేదు. అందుకే చూస్తున్నా" అంటాడు.

ముందు ప్లగ్గు ఊడదీసి వెలుతురుకు పట్టి చూస్తాడు. బిస్కట్ రంగులో ఉంటే ఇంజను కులాసా. నల్లగా, జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువైనట్టు. తెల్లగా మాడితే వేడెక్కిపోతున్నట్టు. కొడుకుల మార్కుల కార్డులు ఏనాడూ అంతసేపు చూసి ఎరగడు. పెట్రోల్లో కలిపే టూటీ ఆయిల్‌ని దగ్గుమందు మూతతో కొలుస్తాడు. చెయ్యి కాస్త జారిందా, వీధంతా పొగే. ఎదురింటావిడ బాబాయి బయల్దేరాడో లేదో కనుక్కున్నాకే బట్టలు ఆరేస్తుంది.

నా చిన్నప్పటి ఆదివారాలన్నీ ఈయనకు టార్చి పట్టడంతోనే సరిపోయాయి. "లైటు నా మొహాన కాదురా, పాయింట్ల మీద!" కార్బురేటర్ జెట్టులో తీగ పెట్టి పొడిచాడని ఒక మెకానిక్కుతో మాటలే మానేశాడు. ఊదాలి గానీ తీగతో పొడిస్తే కన్నం పెద్దదై బండి పెట్రోలు తాగేస్తుందట. అది నిజమే. ఊదే పని మాత్రం నాది.

చెయిన్ చూడాలంటే బండి మీద మనిషి కూర్చోవాలి. అప్పుడు వేలితో ఎత్తితే రెండు సెంటీమీటర్లయినా ఆడాలి. ఓసారి నా బరువు చాలదని పిన్నిని పిలిచాడు. "నువ్వయితే సరిపోతావు" అన్నాడు. ఆ మధ్యాహ్నం ఆయన భోజనం మా ఇంట్లోనే.

బండి ఎవరడిగినా మారుమాట లేకుండా ఇస్తాడు. యెజ్డీకి గేరు రాడ్డే కిక్ రాడ్డు. లోపలికి నొక్కి పైకి తిప్పితే గానీ కిక్కు కాదు. ఆ సంగతి ఆయన చెప్పడు. అడిగినవాడు కాసేపు బండి చుట్టూ వెతుక్కుని తాళం తిరిగిచ్చేస్తాడు.

మొన్న నా కొత్త బండి బ్యాటరీ చచ్చి కదలనంది. దానికి కిక్ రాడ్డే లేదు. బాబాయి చుట్టూ తిరిగి చూసి, "పాపం, అవిటిదిరా" అన్నాడు. వెక్కిరించినా బాగుండేది, నిజంగానే జాలిపడ్డాడు. యెజ్డీ మీద స్టేషన్లో దింపాడు, రైలు అందింది కూడా. దారిలో అడిగాడు, "వినపడుతోందా చప్పుడు?"

"ఏ చప్పుడు బాబాయ్?"

"అదే, లేదు చూశావా!"

ఇక పాయింట్ల గ్యాపు. 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. కొలవడానికి ఫీలర్ గేజి కొనిచ్చాను. బీరువాలో భద్రంగా దాచాడు. ఆయన కొలత శుభలేఖ. కాస్త మందపాటిది పాయింట్ల మధ్య బిగుతుగా దూరితే గ్యాపు కుదిరినట్టే. మా మేనత్త మనవరాలి కార్డు అతికినట్టు సరిపోయింది. ఆ పెళ్లికి మాత్రం ఆయన వెళ్లలేదు, ముహూర్తం ఆదివారం పడింది. ఇప్పుడందరూ శుభలేఖలు వాట్సాప్‌లో పంపేస్తున్నారని ఒకటే బెంగ. కాబట్టి మీ ఇంట్లో పెళ్లి కుదిరితే మా బాబాయికి మాత్రం అచ్చు కార్డే పంపండి. అంచులకు పసుపు రాయకండి, పాయింట్లకు అంటుకుంటుంది.